నల్లమట్టిలో మందారం: కొమ్మా, అంటా?

గుడివాడ నుంచి బందరు వెళ్లే దారిలో గుడ్లవల్లేరు, కవుతరం, పెడన, ఏ ఊళ్లో దిగినా రెండు తరహాల మందారాలు కనిపిస్తాయి. ప్రహరీ వారనో నూతి దగ్గరో ఎవరి పట్టింపూ లేకుండా మనిషిని మించి ఎదిగిన ఎర్ర మందారం ఒకటి. దాన్ని ఎవరు నాటారో ఆ ఇంట్లోవాళ్లకే గుర్తుండదు. రెండోది కడియం నర్సరీల మొక్కల వ్యాను వచ్చినప్పుడు ముచ్చటపడి కొన్నది. పసుపో నారింజో, మధ్యలో ఎర్రటి కన్ను, అరచేతిని మించిన పువ్వు. తెచ్చిన నెలలో నాలుగైదు పూలు పూస్తుంది, ఆపైన ఆకులు పసుపెక్కుతాయి, కార్తీకం వచ్చేసరికి పుల్ల మిగులుతుంది. మళ్లీ వ్యాను వస్తుంది, మళ్లీ కొంటాం.

మందారాన్ని ఎలా పెంచాలి, ఒక మొక్క నుంచి పది మొక్కలు ఎలా చేసుకోవాలి అని అడిగితే మన ప్రాంతంలో నాలుగు రకాల జవాబులు వస్తాయి. కొమ్మ విరిచి గుచ్చితే చాలంటారు పెద్దవాళ్లు. అంటు మొక్కే కొనమంటారు నర్సరీవాళ్లు. హార్మోను, ఇసుక, నీడ గది అంటాయి ఉద్యాన పుస్తకాలు. నేలను నమ్మొద్దు, కుండీలో కొబ్బరి పొట్టు పోసి పెంచుకోమంటారు మేడమీద తోటలవాళ్లు. ఎవరి చోట వాళ్ల మాట నిజమే. కృష్ణా డెల్టా దిగువన, ఈ నల్లమట్టికీ ఈ నీళ్లకీ ఏ మాట ఎంతవరకు నిలుస్తుందన్నదే అసలు ప్రశ్న. నా మటుకు, పువ్వు రంగు చూసి మొక్కను ఎంచుకోవడం దగ్గరే మన తప్పంతా ఉంది. ఇక్కడ ముందు చూడాల్సింది వేరు.

మొక్క పుట్టుక సంగతి కొంచెం చెప్పుకుంటే తప్ప ఈ వేరు గొడవ అర్థం కాదు. మనం తోటల్లో పెంచే మందారం ఏ దేశపు అడవిలోనూ దానంతటది పెరుగుతూ దొరకలేదు. 1753లో లిన్నేయస్ దాన్ని చైనా మొక్కగా లెక్కేసి శాస్త్రీయ నామం పెట్టాడు. అంతకు ముందే, 1678 నుంచి 1693 దాకా ఆమ్‌స్టర్‌డాంలో అచ్చయిన హోర్టస్ మలబారికస్ సంపుటాల్లో మలబారు మొక్కల మధ్య దాని బొమ్మ కూడా ఉంది. పసిఫిక్ దీవుల్లోని రెండు జాతులు కలిసి పుట్టిందని ఈమధ్య కొందరు వృక్షశాస్త్రవేత్తలు వాదిస్తున్నారు. ఆ వాదం ఎటు తేలినా తోటపని చేసేవాళ్లకు కావలసిన ముక్క ఒకటుంది. మన పాత ఎర్ర మందారానికి, ముద్ద మందారానికి గింజ కట్టడం చాలా అరుదు. వందల ఏళ్లుగా అవి కొమ్మ మీదే బతుకుతున్నాయి. కొమ్మ నుంచి వచ్చిన మొక్క తల్లి మొక్కే గనక, ఏ నేలలో నాటినా వేరు తొడిగే మొండిరకాలే వడపోతలో మిగిలాయి. తొడగనివి ఎప్పుడో పోయాయి.

ఇరవయ్యో శతాబ్దంలో కథ మారింది. హవాయిలో తోటల మీద మోజున్నవాళ్లు పాత మందారాలను వాటి దగ్గరి జాతులతో సంకరం చేసి వేల రకాలు పుట్టించారు. 1950లో అమెరికన్ హైబిస్కస్ సొసైటీ ఏర్పడ్డాక ఫ్లోరిడాలో ఆ పని ఊపందుకుంది. మన దేశంలో బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ కూడా సంకర మందారాలు తయారుచేసింది. పూణె మందారం, ఆస్ట్రేలియా మందారం అంటూ ఇవాళ అమ్మేవన్నీ ఈ సంకరాల సంతతే. వాటిని ఎంపిక చేసిన కన్ను పువ్వు సైజును, రంగును, రేకు మడతను చూసింది. వేరును చూసింది తక్కువ. అందుకే ఫ్లోరిడాలో, హవాయిలో పేరున్న పెంపకందార్లు సొగసైన సంకరాన్ని దాని సొంత వేరు మీద ఉంచకుండా మొండి రకం మీద అంటు కడతారు. ఈ ఒక్క సంగతి మన దగ్గర కొన్నవాళ్లకు ఎవరూ చెప్పరు.

ఇక మన నేల. గుడ్లవల్లేరు చుట్టూ ఉన్నది సార్వాకు వరి, ఆ తర్వాత మాగాణి మినుము పండే బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. వరికి అదే వరం. మందారానికి మాత్రం రెండు వైపులా దెబ్బ. భాద్రపదం నుంచి కార్తీకం దాకా వేళ్ల చుట్టూ నీళ్లు నిలిచి గాలి ఆడదు. ఎండాకాలం నెర్రె విచ్చినప్పుడు సన్నవేళ్లు పుటుక్కున తెగుతాయి. మందారానికి నీళ్లంటే ఇష్టం, నిలవ నీళ్లంటే పడదు. ఆకులు వాడిపోయాయని నీళ్లు పోస్తాం. అవి వాడింది నీళ్లెక్కువై వేరు కుళ్లడం వల్ల అయితే, మన చేత్తో మనమే దాన్ని పూర్తి చేసినట్టు. అనుమానం వస్తే మొక్క మొదట్లో జానెడు లోతు మట్టి తీసి వాసన చూడాలి. మురుగు వాసన వేస్తే నీళ్లు ఆపాలి.

నీళ్లది వేరే కథ. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలవలకు నీళ్లు వదిలినన్నాళ్లు చింత లేదు. వేసవిలో కాలవలు కట్టేశాక చాలా ఇళ్లకు బోరే దిక్కు. బందరు వైపు, దివిసీమలో కోడూరు, నాగాయలంక వైపు పోయేకొద్దీ ఆ నీళ్లు ఉప్పన. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమ మీదికి వచ్చిన ప్రాంతం ఇది. సముద్రం పక్కనే ఉందన్న సంగతి ఇక్కడి మట్టి ఎప్పుడూ మర్చిపోదు. ఉప్పు పట్టిన మందారం ఆకు చివర నుంచి అంచు వెంట మాడుతూ వస్తుంది, మధ్య పచ్చగానే ఉంటుంది. ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య భాగం పసుపెక్కితే అది చౌడుగుణం వల్ల ఇనుము అందకపోవడం. ముదురాకులు మొత్తంగా పసుపై రాలితే నీళ్లెక్కువ కావడమో, మందారానికి మామూలుగా ఉండే ఆకు రాల్పో. ఈ మూడింటికీ తేడా తెలియకుండా దుకాణానికి వెళ్తే ఒకే సీసా చేతిలో పెట్టి పంపిస్తారు.

ఉప్పునేలకు సిసలైన మందారం చుట్టం మన దగ్గరే ఉంది. గంగరావి. బెండ, పత్తి, గోగుల కుటుంబమే. పొద్దున లేత పసుపుగా విచ్చి సాయంత్రానికి కందిపోయే దాని పువ్వు అచ్చం మందారం పోలికే. దివిసీమలో మందారం ఉసూరుమనే చోట కూడా గంగరావి నిగనిగలాడుతుంది. కుటుంబం ఒకటైనా ఉప్పు తట్టుకునే శక్తి అందరికీ రాలేదు.

ఇప్పుడు పెద్దవాళ్ల మాట. వాన పడ్డాక వేలెడు లావు కొమ్మ విరిచి, కాలవ గట్టునో గాబు పక్కనో గుచ్చి, పైకొనకు పేడ ముద్ద పెడితే బతుకుతుందంటారు. ఎర్ర రేక మందారానికి ఇది చాలావరకు నిజం. పేడ ముద్ద వేరు తొడగడానికి కాదు, కోసిన కొన నుంచి తడి ఆరిపోకుండా ఉండటానికి. మైనం పూసినా అదే పని జరుగుతుంది. వాళ్లు చెప్పకుండా వదిలేసే సంగతి, కాలవ గట్టు అనేది పొలంలోని బంకమట్టి కాదు. అది ఎత్తు మీద ఉంటుంది, పూడిక తీసిన ఒండ్రు కలిసి గుల్లగా ఉంటుంది, పక్కనే మంచి తడి, నీడ. పెద్దవాళ్ల చేతిచలువ సగం ఆ గట్టు చలువే.

పుస్తకాలు ఇంకాస్త వివరం చెబుతాయి. లేత పచ్చకొమ్మ కుళ్లుతుంది, బాగా ముదిరిన బూడిదరంగు కొమ్మ ఆలస్యం చేస్తుంది. పచ్చదనం పోయి గోధుమరంగు తిరుగుతున్న పెన్సిలు లావు కొమ్మ తీసుకోవాలి. జానెడు పొడవు, మూడు నాలుగు కణుపులు, కింది కోత కణుపుకు కాస్త దిగువన ఏటవాలుగా. ఆకులన్నీ తీసేసి పైన ఒకటో రెండో సగానికి కత్తిరించి ఉంచాలి. అడుగు భాగాన్ని ఐబీఏ అనే హార్మోను కలిసిన వేరు పొడిలో అద్ది, తడి ఇసుకలో రెండు కణుపులు మునిగేలా గుచ్చి, నీడన పాలిథీన్ కవరు కప్పాలి. ఆషాఢ శ్రావణాల్లో అయితే గాలిలో తేమ ఉంటుంది గనక నాలుగు నుంచి ఆరు వారాల్లో వేరు వస్తుంది. సంకర రకాలు అంతకు రెట్టింపు సమయం తీసుకోవచ్చు, కొన్ని మొండికేస్తాయి.

పుస్తకాలు ఊరికే దాటేసే చోట మనం ఆగాలి. కొమ్మకు వేరు కంటే ముందు చిగురొస్తుంది. లోపల దాచుకున్న పిండిపదార్థంతో రెండు మూడు ఆకులు వేసి ఊరిస్తుంది. బతికేసిందని సంబరపడి తీసి నేలలో పెడితే పక్షం రోజుల్లో వాలిపోతుంది. అలా వాలిన కొమ్మను పీకి చూడండి. కింది బెరడు నల్లబడి, వేలితో పట్టుకుంటే తొడుగులా ఊడి వస్తుంది, లోపల కట్టె జారుడుగా ఉంటుంది. బతికే కొమ్మ అడుగున కోత అంచు చుట్టూ తెల్లటి బుడిపెల వలయం కడుతుంది, ఆ అంచు నుంచీ కణుపు పక్క నుంచీ తెల్లని వేళ్లు పుట్టుకొస్తాయి. మెల్లగా లాగితే ఇసుక అంటుకుని వెనక్కి లాగుతున్నట్టు తెలుస్తుంది. ఆ పట్టు చేతికి తగిలేదాకా, పైన ఎన్ని చిగుళ్లు వచ్చినా కదపకూడదు.

సీసా నీళ్లలో కొమ్మ పెట్టే పద్ధతి ఇప్పుడు ఇంటింటా పాకింది. వేరు వచ్చే మాట నిజం, కానీ నీళ్లలో పుట్టిన వేరు పెళుసు. బొటనవేలి గోరంత పొడవు ఉండగానే గుల్ల మట్టిలోకి మార్చేస్తే సరే, గాజు సీసాలో గడ్డంలా పెంచి మురిసిపోయి బంకమట్టిలో పెడితే అది నిలవదు. హార్మోను పొడి బదులు కొబ్బరినీళ్లు, కలబంద గుజ్జు అనే చిట్కాలు కూడా వినపడతాయి. ఎర్ర మందారం వాటితోనూ వస్తుంది, ఏదీ లేకుండానూ వస్తుంది. అది ఆ మొక్క గొప్పతనం, చిట్కాది కాదు.

గాలి అంటు మీద నర్సరీవాళ్లకు నమ్మకం ఎక్కువ, కారణం ఉంది. కొమ్మ చెట్టుకే ఉండగా అంగుళం వెడల్పున బెరడు ఉంగరంలా తీసి, పైఅంచుకు వేరు పొడి రాసి, తడి నాచు కప్పి పాలిథీన్‌తో రెండు కొసలా బిగించి కడితే నెల, నెలన్నరలో వేళ్లు పొట్లం అంచున కనిపిస్తాయి. తల్లి నుంచి నీళ్లు అందుతూనే ఉంటాయి గనక కొమ్మ ఎండిపోదు. వేరు తొడగని సంకర రకాలను కూడా ఇలా లొంగదీయవచ్చు. బెరడు తీశాక కట్టె మీద జిగట పొరను కత్తి వీపుతో గీకేయకపోతే బెరడు మళ్లీ కలిసిపోయి శ్రమంతా వృథా. అయితే గాలి అంటు గెలుపు చూసి పొరబడకూడదు. పొట్లంలో పుట్టిన వేరు ఆ సంకరం సొంత వేరే. కుండీలో అది చక్కగా బతుకుతుంది. నేలలో పెట్టగానే ఇందాకటి బంకమట్టి కష్టాలన్నీ మొదలు.

కడియం, కడియపులంక నర్సరీల మొక్కలను తిట్టుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ తిట్టు సగమే న్యాయం. వాటిని అక్కడ పెంచేది ఎర్రమట్టి ముద్దలో, రోజూ నీళ్లు, పాక్షిక నీడ. తెచ్చి ఆ ఎర్రముద్దను అలాగే నల్లమట్టి గుంటలో దించితే రెండు మట్టులూ కలవవు. ఎండితే ముద్ద గట్టిపడి పోసిన నీళ్లు దాని పక్క నుంచి జారిపోతాయి, వాన పడితే గుంటంతా తొట్టిలా నిండి ముద్ద నానుతుంది. చచ్చిన మొక్కను తవ్వితే ఏడాది తర్వాత కూడా వేళ్లు ఎర్రముద్ద దాటి బయటికి రాని దాఖలాలు ఎన్నో. కుండీ మందారాలను పొట్టిగా, గుబురుగా ఉంచడానికి ఎదుగుదల తగ్గించే రసాయనాలు వాడటం ప్రపంచమంతటా ఉన్న రివాజే. కుండీ మందారం పెద్ద పరిశ్రమగా ఉన్న డెన్మార్క్‌లోనూ అంతే. ఆ మందు ప్రభావం తగ్గాక మొక్క సన్నగా పొడవు సాగితే మోసం జరిగిందనుకోనక్కర్లేదు, కత్తిరించుకోవాలి.

అందుకని నేలలో నాటేవాళ్లు గుంట కాదు, దిబ్బ కట్టాలి. చుట్టుపక్కల నేల కంటే మూరెడు ఎత్తు, రెండు మూరల వెడల్పు. గుడివాడ చుట్టూ రైసు మిల్లులకు కొదవ లేదు, పచ్చి ఊక ఎంత కావాలంటే అంత. నల్లమట్టిలో ఊక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి ఒక వానాకాలం నాననిస్తే మట్టి విడివిడిగా అవుతుంది. ఊకబూడిద మాత్రం ఎక్కువ పోయకూడదు, ఇప్పటికే క్షారంగా ఉన్న మట్టిని అది ఇంకా క్షారం చేస్తుంది. గుప్పెడు ఇసుక కలిపితే బంకమట్టి గుల్లవుతుందనేది మరో అపోహ. కొంచెం ఇసుక బంకతో కలిసి ఇంకా గట్టిపడుతుంది. చౌడు ఉన్న చోట జిప్సం పనిచేస్తుంది, దాంతో పాటు మురుగు పోయే దారి ఉంటేనే. మట్టి, నీళ్లు పరీక్ష చేయించుకోవాలంటే దివిసీమ దారిలో ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగవచ్చు. మట్టి లవణ సాంద్రత మీటరుకు 4 డెసీసీమెన్లు దాటితే దాన్ని ఉప్పునేల కిందే లెక్కేస్తారు. అక్కడ సంకర మందారం మీద డబ్బు పోయడం దండగ.

కుండీ పద్ధతి గురించి క్లుప్తంగా చెబితే చాలు. బందరు పట్టణంలో మేడలున్నవాళ్లకు అది మంచి దారి, మట్టి మన చేతిలో ఉంటుంది. కానీ నీళ్లు మన చేతిలో ఉండవు. బోరు నీళ్లే రోజూ పోస్తే నెలల్లో కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. నీటి శుద్ధి యంత్రం నుంచి బయటికి వచ్చే వృథా నీటిని మొక్కలకు పోయడం పొదుపు అనుకుంటారు, అందులో ఉప్పు ఇంకా చిక్కగా ఉంటుంది. వాన నీళ్లు పట్టి ఉంచుకోవడం, అప్పుడప్పుడు కుండీ అడుగు నుంచి ధారగా పోయేదాకా మంచినీళ్లు పోసి ఉప్పు కడిగేయడం తప్పదు. కొబ్బరి పొట్టులోనూ ఉప్పు ఉంటుంది, వాడే ముందు రెండు మూడుసార్లు నానబెట్టి పిండాలి.

మనది వరి ఊరు గనక ఇంట్లో డీఏపీ బస్తా ఎప్పుడూ ఉంటుంది, గుప్పెడు మందారం మొదట్లోనూ పడుతుంది. మందారానికి భాస్వరం తక్కువ చాలు. ఎక్కువైతే అసలే అందని ఇనుము ఇంకా అందకుండా పోతుంది. దానికి కావలసింది నత్రజని, అంతకు మించి పొటాష్. ఉప్పు ప్రాంతంలో ఆ పొటాష్ మ్యూరేట్ రూపంలో కాక సల్ఫేట్ రూపంలో ఇస్తే క్లోరైడు బాధ తప్పుతుంది. ఆకు పసుపెక్కితే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండు మూడుసార్లు చల్లితే పచ్చబడుతుంది. అది ఉపశమనమే. మట్టి మారకపోతే మళ్లీ పసుపే.

పురుగుల్లో పిండినల్లిది మొదటి పీట. పత్తిని, బెండను, బొప్పాయిని పట్టేవే దీన్నీ పడతాయి. 2008లో కోయంబత్తూరులో బయటపడ్డ బొప్పాయి పిండినల్లి మందారాన్నీ వదల్లేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలిన పరాన్నజీవి కందిరీగలు దాన్ని అదుపు చేశాయి. పిండినల్లిని తినే ఆస్ట్రేలియా అక్షింతల పురుగు 1898లోనే మన దేశానికి వచ్చింది. దాని పిల్ల పురుగు కూడా తెల్లటి పిండితో పిండినల్లిలాగే ఉంటుంది, కాకపోతే పెద్దది, చురుగ్గా కదులుతుంది. తెలియక దాన్నే చంపుకుంటాం. చీమలు ఎక్కకుండా చూసి, పట్టిన కొమ్మ కొసలు తుంచి కాల్చి, వేపనూనెను సబ్బునీళ్లలో కలిపి చల్లితే పెరటి మొక్కకు అంతకు మించి అక్కర్లేదు. మొగ్గలు విచ్చకుండా రాలడానికి తామర పురుగులు ఒక కారణం, వడగాలి, ఉప్పు, కుండీ ఆరిపోవడం మిగతా కారణాలు. ముద్ద రకాలు ఈ విషయంలో మరీ సుకుమారం.

మందారం కొత్త రెమ్మ మీదే పూస్తుంది గనక కత్తిరింపు తప్పనిసరి. మాఘంలో, చలి తగ్గుముఖం పట్టాక మూడో వంతు తీసేస్తే వేసవంతా పూలు. తుఫాన్ల రోజుల్లో కోత పెడితే గాయాల్లోంచి కుళ్లు దిగుతుంది. 2013 నవంబరు 22న హెలెన్ తుఫాను బందరు దగ్గరే తీరం దాటింది, నవంబరంటే మనకు గాలివానల నెల. పొడవు సాగిన కొమ్మలను మాత్రం ఈ గాలివానలకు ముందే, ఆషాఢంలో కొంచెం తగ్గించుకోవాలి. ఆ తీసిన కొమ్మలే గుచ్చుకోవడానికి పనికొస్తాయి.

ఇన్ని మాటలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలింది ఇది. ఎర్ర రేక మందారం కావాలంటే కొమ్మ చాలు, పైసా ఖర్చు లేదు. సంకరం కుండీలో పెంచాలంటే గాలి అంటు. సంకరాన్ని నేలలో, ఈ నల్లమట్టిలో పెంచాలని పట్టుబడితే మాత్రం మన ప్రహరీ పక్కనున్న ఎర్ర మందారమే దానికి కాళ్లివ్వాలి. ఎర్ర మందారం కొమ్మను కవరులో పెట్టి పెన్సిలు లావు అయ్యేదాకా పెంచాలి. జానెడు ఎత్తున అడ్డంగా కోసి, నడిమికి ఒకటిన్నర అంగుళం చీల్చి, అంతే లావున్న సంకరం కొమ్మను రెండు మూడు కణుపులతో, ఆకులు తీసేసి, అడుగును మేకులా చెక్కి అందులో దింపాలి. రెండు బెరడులూ కనీసం ఒక పక్కనైనా కలవాలి. పాలిథీన్ పట్టీ బిగించి, పైన చిన్న కవరు తొడిగి నీడన ఉంచితే మూడు నాలుగు వారాల్లో కన్ను కదులుతుంది. నూజివీడు వైపు మామిడి అంట్లు కట్టే చేతులకు ఇది అరగంట పని. కడియంలో కొనేటప్పుడు కూడా కాండం మీద అతుకు ఉందో లేదో వేలితో తడిమి చూసి, ఉన్నదాన్నే ఎంచుకోవచ్చు.

నాటేటప్పుడు అతుకును మట్టిలో పూడ్చకూడదు. పూడిస్తే పైకొమ్మ తన సొంత వేరు తొడుక్కుని, అంటు కట్టిన లాభం పోతుంది. అతుకు కింద నుంచి చిగుళ్లు వస్తూనే ఉంటాయి, ఎర్ర మందారం ఊరుకునే రకం కాదు. వాటిని వదిలేస్తే రెండేళ్లలో పైదాన్ని అణగదొక్కేస్తాయి. పసుపు మందారం ఎర్రగా మారిపోయిందని మన ఊళ్లలో చెప్పుకునే వింతల్లో చాలావాటి వెనక ఉన్నది ఇదే. ఆ కింది చిగురును కత్తెరతో కోస్తే పక్కనుంచి రెండు వస్తాయి. లేతగా ఉన్నప్పుడే మొదలుతో సహా చేత్తో కిందికి లాగి పెరికేయాలి.